మామగారి మోకాలు

తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక తెల్లమ్మాయి నిలబడి ఉంది. చంకలో పిల్ల, చేతిలో మగ్గు.

“సిర్యాకో ఇల్లు ఇదేనా? కోరల్ లాంతర్‌లో పనిచేసిన సిర్యాకో?” అని అడిగింది.

“ఇల్లు ఇదే. మనిషే లేడు. పోయి నాలుగేళ్ళయింది” అన్నాను.

ఆ అమ్మాయి మగ్గు నా చేతిలో పెట్టింది. గోధుమరంగు పింగాణీ. దాని మీద గుడ్లురిమే కళ్ళు, ఇకిలించిన పళ్ళు. అడుగున లాంతరు గుర్తు. లాంగ్ బీచ్ రేవు దగ్గర ఆ బార్ నడిచినన్నాళ్ళూ మా ఆయన రమ్ము కలిపి పోసింది ఈ మగ్గుల్లోనే. అంచు విరిగినవి ఇంటికి తెస్తే నేను వాటిలో పుదీనా పెంచేదాన్ని.

“ఎక్కడ దొరికింది?”

“టొరెన్స్‌లో, పాత సామాన్ల కొట్లో. వాళ్ళు దీంట్లో పెన్నులు పెట్టుకున్నారు” అంది, ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు.

నాకు నవ్వొచ్చింది. లోపలికి రమ్మన్నాను. అది ఏప్రిల్ నెల.

ఆమె పేరు మార్నీ. భర్త ట్రెంట్. పెళ్ళయినప్పటి నుంచి ఇద్దరికీ ఒకటే పిచ్చి, టికీలు. పాత బార్లలోని మగ్గులు, వెదురు దీపాలు, దక్షిణ సముద్రపు దేవుళ్ళని చెప్పి చెక్కిన మొద్దు బొమ్మలు, చివరికి పానీయంలో గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు కూడా. శనివారాలు ఇళ్ళ ముందు అమ్మే సామాన్లు వెతకడం, ఆదివారాలు సంతలు తిరగడం, సెలవులొస్తే ఒకప్పుడు టికీ బార్లున్న ఊళ్ళకి కారేసుకుని పోవడం. తల్లిదండ్రులు సిగ్గుపడి అటకల మీదికెక్కించినవన్నీ ఈ పిల్లలు దించుకుని మురిసిపోతున్నారు. అప్పుడప్పుడే మొదలైన మోజు అది.

ఆకులో చుట్టిన సూమన్ ఉడికించి పెట్టాను. తీపి అన్నం ముద్ద వేళ్ళకి అంటుకుంటే మార్నీ చీకి తింది. పిల్లకి ఏడో నెల. ఎప్పుడూ చూడని దీవుల పేరు పెట్టారు, లేలానీ అని. కింద రెండే రెండు పళ్ళు, బియ్యపు గింజల్లా. నా వేలు దొరకబుచ్చుకుని కసుక్కున కొరికింది.

“ఏది దొరికితే అది కొరుకుతోంది ఈ మధ్య” అంది మార్నీ. అంటూనే నా కుట్టు మిషను పక్కకి చూసింది. “బార్ వెనకాల మూడు పెద్ద టికీలు ఉండేవని విన్నాను. ఇది వాటిలో ఒకటా? మీ ఆయన చెక్కిందా?”

“ఇది మా ఆయనది కాదు. ఇది సిమియోన్ తండ్రి.”

ఆమెకి అర్థం కాలేదు. చెప్పాను.

బార్ తెరిచే ముందు యజమాని ముగ్గురు బార్ పనివాళ్ళనీ పిలిచి, మీ వైపు వాళ్ళకి చెక్కడం వచ్చు కదా, తలా ఒక దేవుణ్ణి చెక్కండి, అన్నాడట. మావాళ్ళు ఫిలిప్పీన్స్‌లోని ఇలోకోస్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. ఏ సముద్రపు దేవుడి మొహం ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? రేవులో తీసిపారేసిన పాత స్తంభాల చెక్క తెచ్చుకుని, సిర్యాకో, సిమియోన్, డోమెంగ్ ముగ్గురూ ఎవరి తండ్రిని వాళ్ళు చెక్కారు. కళ్ళు పెద్దవి చేసి, పళ్ళు పెట్టారు, అంతే. మా మామగారికి ఎడమ చెవి సగం లేదు. చిన్నప్పుడు పంది కొరికిందట. సిర్యాకో ఆ చెవిని అలాగే చెక్కాడు. తాగడానికి వచ్చినవాళ్ళు దాన్ని యుద్ధదేవుడనుకుని మగ్గులెత్తి దణ్ణాలు పెట్టేవాళ్ళు.

బార్ మూతపడిన రోజున ముగ్గురూ బొమ్మలు పంచుకున్నారు. ఎవరిది వాళ్ళు తీసుకోలేదు. అది సిమియోన్ పెట్టిన పద్ధతి. “అవసరం వస్తే మనిషి తన తండ్రిని తాను అమ్ముకుంటాడేమో గానీ పక్కవాడి తండ్రిని అమ్మడు” అన్నాడు. అలా సిమియోన్ తండ్రి మా ఇంటికొచ్చాడు. డోమెంగ్ తండ్రి సిమియోన్ ఇంటికి పోయాడు. మా మామగారు డోమెంగ్ వెంట స్టాక్టన్ వెళ్ళిపోయారు.

“అయితే అది స్టాక్టన్‌లోనే ఉందా?” అంది మార్నీ.

“డోమెంగ్ పోయాడు. బొమ్మ ఏమైందో తెలీదు. మా మామగారికి ఫోటో అనేది లేదు. మా ఆయన ఫోటోలన్నీ కుర్రతనంలోవి. ముసలితనంలో ఆయన అచ్చం ఆ బొమ్మలాగే అయ్యాడు. ఒక్కసారి దొరికితే బాగుండును.”

మార్నీ నా చెయ్యి పట్టుకుంది. “మనిద్దరం వెతుకుదాం నీలా. దారిలో దొరికే మిగతావన్నీ నావి. మీ మామగారు కనబడితే మాత్రం నీవారే. నేను చెయ్యి కూడా వెయ్యను.”

పాత వస్తువుల వేటగాళ్ళలో ఈ మాట ఎంత పెద్దదో నాకు తర్వాత తెలిసింది. సంతలో ముందు చెయ్యి వేసినవాళ్ళదే వస్తువు. చూస్తే చాలదు, తాకాలి. చెయ్యి వెయ్యనని ఒకరికి మాటివ్వడమంటే సగం ఆస్తి రాసిచ్చినట్టే.

ఆ వేసవంతా తిరిగాం. ఆదివారం తెల్లారకముందే ఒకప్పుడు కార్లలో కూర్చుని సినిమా చూసిన మైదానంలో సంత. మార్నీ టార్చి లైటు పట్టుకుని గోతాల్లో దూరిపోయేది. నేను పిల్లని భుజాన వేసుకుని నింపాదిగా నడిచేదాన్ని. అయినా నా కంటికే ఎక్కువ కనబడేవి. క్రిస్మస్ తోరణాల పెట్టె అడుగున చెక్క ముంత, కుక్కకి నీళ్ళు పోసిన పళ్ళెం కింద పెంకు దీపం. నేను మెల్లగా దగ్గేదాన్ని. అది మా సైగ. మార్నీ గద్దలా వచ్చి చెయ్యి వేసేది.

“నువ్వు మంత్రగత్తెవి” అనేది కారులో.

“ఇరవై ఏళ్ళు ఇవే కడిగాడు మా ఆయన. గుర్తుపట్టకపోతే కళ్ళెందుకు?”

మంగళవారాలు నాకు లైబ్రరీలో చదువు. అరవై దాటాక అక్షరాలు మొదలుపెట్టినదాన్ని. మార్నీయే దింపేది. దారిలో కొట్ల బోర్డులు కూడబలుక్కుని చదువుతుంటే స్టీరింగ్ వదిలేసి చప్పట్లు కొట్టేది. కడుపున పుట్టిన ఆడపిల్ల లేదు నాకు. ఉంటే ఇలాగే ఉండేదనుకున్నాను.

సియాంగ్‌కి ఇదేమీ నచ్చలేదు. సియాంగ్ సిమియోన్ భార్య, నాలాగే భర్త పోయినది, నాకంటే రెండేళ్ళు చిన్న. విల్మింగ్టన్‌లో మా వెనక వీధి.

“నీకు కూతురుంటే దానంత వయసు లేదు, నిన్ను పేరు పెట్టి పిలుస్తుందేమిటే అక్కా?”

“వాళ్ళంతే. మామగారినీ పేరు పెట్టే పిలుస్తారు.”

“మామగారి కోసం కాదుగా మనింటి చుట్టూ తిరుగుతోంది. మా ఆయన తండ్రిని కళ్ళతో కొలుస్తోంది, చూశావా? మొన్న నా ఇంట్లో డోమెంగ్ తండ్రినీ అలాగే చూసింది. వీపు వైపు తిప్పి చూసింది. వీపు ఎవరు చూస్తారే?”

జూన్‌లో మార్నీ ఒకరోజు వచ్చి, పిల్లకి జ్ఞానస్నానం చేయిస్తున్నాం, నువ్వు జ్ఞానతల్లిగా నిలబడాలి, అంది. మావాళ్ళలో ఆ ముడి రక్తం కంటే గట్టిది. బిడ్డ తల్లీ జ్ఞానతల్లీ ఒకరికొకరు కుమరేలు. కుమరే ఇంటికొచ్చి అడిగితే ఉన్నది పెట్టాలి, లేనిది తెచ్చి పెట్టాలి. కుమరేకి అబద్ధం చెబితే నీళ్ళు చల్లిన ఫాదర్‌కి చెప్పినట్టే. ఇదంతా మార్నీకి వివరించాను. శ్రద్ధగా విన్నది. జ్ఞానస్నానం రోజున చర్చి మెట్లు దిగుతూ మొదటిసారి నన్ను “కుమరే” అని పిలిచింది. పలకడం కూడా సరిగ్గా పలికింది.

సియాంగ్ కూడా ఆ రోజు నోరు కట్టేసుకుంది. “ఇంక నేనేమంటాను? మనమనిషి అయిపోయింది” అని పిల్ల మెడలో సన్నని గొలుసు వేసింది.

జూలైలో స్టాక్టన్ వెళ్ళాం. దారిలో బేకర్స్‌ఫీల్డ్, ఫ్రెస్నో. ప్రతి ఊళ్ళో పాత సామాన్ల కొట్లన్నీ గాలించాం. ప్రతిచోటా నేను చెవి సగం లేని బొమ్మ గురించి అడిగేదాన్ని. లేదనగానే మార్నీ నా భుజం తట్టి, “ఇంకో కొట్టు చూద్దాం కుమరే, నిరాశపడకు” అనేది. ఫ్రెస్నోలో ఒక కొట్లో నాకు ఏడుపొస్తే తనూ ఏడ్చింది.

డోమెంగ్ కోడలి ఇల్లు చేరేసరికి ఎండ మండిపోతోంది. మార్నీ కారు దిగలేదు. “పిల్ల ఇప్పుడే కళ్ళు మూసింది. ఆపితే లేస్తుంది. నేనిలా వీధుల్లో తిప్పుతుంటాను, నువ్వు మాట్లాడి రా” అంది.

కోడలు మర్యాదగా కూర్చోబెట్టింది. “మామయ్య పోయాక గరాజ్ మొత్తం ఒక్క పొద్దుటే ఖాళీ చేశాం ఆంటీ. పోయిన ఏడాది వేసవిలో. ఆ బొమ్మ ఎవరో వయసులో ఉన్నవాళ్ళు తీసుకున్నారు. ముచ్చటపడి అడిగితే కథంతా చెప్పాను కూడా. మొహాలు గుర్తులేవు. మీరు అడుగుతారని తెలిస్తే ఉంచేదాన్ని కదా.”

అమ్మకూడదన్న ఆ పద్ధతి సంగతి డోమెంగ్ ఇంట్లో చెప్పనే లేదు. ఆ పిల్లని ఏమనగలను?

కారెక్కి మార్నీకి చెప్పాను. అద్దంలో పిల్లని చూసుకుంది. తర్వాత, “అలాంటివాళ్ళు దాన్ని జాగ్రత్తగానే చూసుకుంటుంటారు కుమరే” అంది. ఓదార్పు అనుకున్నాను.

సెప్టెంబరు చివర పిల్ల మొదటి పుట్టినరోజు. తోటలో పెద్ద విందు పెడుతున్నామని, ఆ ఒక్కరోజుకి మా దగ్గరున్న రెండు బొమ్మలూ అరువిస్తే వచ్చినవాళ్ళకి సిర్యాకో, సిమియోన్, డోమెంగ్‌ల గురించి చెబుతామని మార్నీ అడిగింది. కుమరే అడిగింది. సియాంగ్‌ని నేనే ఒప్పించాను.

“సాయంత్రానికి తెచ్చేసుకుందాం. నాది మాట” అన్నాను.

“నీ మాట మీదే ఇస్తున్నా. దాని మాట మీద కాదు” అంది సియాంగ్. డోమెంగ్ తండ్రిని దుప్పట్లో చుట్టి, తల కింద దిండు పెట్టి మరీ కారులో పడుకోబెట్టింది. బొమ్మలు రెండేళ్ళ పిల్లాడంత ఎత్తు. రేవు చెక్క, కనిపించేదాని కంటే బరువు.

అప్పటిదాకా మార్నీ ఇంట్లో నేను ముందు గది దాటలేదు. వెనక గదిలో ట్రెంట్ రంగులు వేస్తాడు, వాసన పడదు, అని ఎప్పుడూ తలుపు వేసే ఉంచేది. ఆ రోజు ఆ గది తలుపులు తోటలోకి బార్లా తెరిచి ఉన్నాయి. కాగడాలు, వెదురు, కాగితపు గొడుగులు. వచ్చినవాళ్ళందరూ పూల చొక్కాలే.

“వీళ్ళంతా మా ఆయన డ్యూటీ బట్టలు వేసుకొచ్చారేమిటే?” అంది సియాంగ్, పల్చటి రొట్టెలో కూర చుట్టి వేయించిన లుంపియాల గిన్నె ఒళ్ళో పెట్టుకుని. “ఇస్త్రీ చెయ్యలేక చచ్చేదాన్ని.”

ఇద్దరం పడీ పడీ నవ్వాం.

అంతలో మార్నీ నా కళ్ళకి చేతులడ్డం పెట్టి లోపలికి నడిపించింది. చేతులు తీసింది. వెదురు బార్ ముందు, చాప మీద, మా రెండు బొమ్మల పక్కన మూడోది నిలబడి ఉంది. ఎడమ చెవి సగం లేదు.

“పోయిన గురువారం దొరికింది కుమరే! బేకర్స్‌ఫీల్డ్‌లో, మనం చూడని కొట్లో. నీకు చెప్పకుండా ఉండలేక చచ్చాననుకో!”

నేను చాప మీద కూర్చున్నాను. ఆ మొహం రెండు చేతుల్తో పట్టుకున్నాను. నుదుటి మీద ముడతలు, నోటి పక్కన ఆ గీత. సిర్యాకో ఆఖరి నెలల్లో దిండు మీద పెట్టుకున్న తల అది. సియాంగ్ నా వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎర్ర పూల చొక్కా వేసుకున్న ఒకాయన మాత్రం వంగి మూడు బొమ్మల మధ్య దూరం చూసుకుంటున్నాడు.

ట్రెంట్ పిల్లని చాప మీద దించాడు. లేలానీ ఇంకా నడవదు, దోగాడుతుంది. సిమియోన్ తండ్రిని ఒకసారి చూసి, భయపడి పక్కకి తప్పుకుంది. డోమెంగ్ తండ్రి దగ్గరా ఆగలేదు. గబగబా పాకి మా మామగారి దగ్గరికి వచ్చింది. నా చెయ్యి తోసేసి, కాళ్ళు చుట్టేసుకుని, ఎడమ మోకాలి మీద నోరు ఆనించింది. కళ్ళు అరమోడ్చి, గుర్రుమంటూ కొరకసాగింది. నిద్రొచ్చిన పిల్ల తన దుప్పటి కొస దొరికితే ఎలా చీకుతుందో అలా.

నేను మోకాలు చూశాను. అక్కడ పాలిష్ లేదు. చెక్క తెల్లబడి నునుపుదేరింది. పై భాగాన నాలుగేసి పళ్ళ గాట్లు, కొత్తవి. వాటి కింద ఇంకా పాతవి, మురికిపట్టి నల్లబడ్డాయి. అవి రెండేసి గాట్లు. జంటలు జంటలుగా, మోకాలు పొడుగునా.

ఆ పిల్లకి రెండే పళ్ళున్నది ఏప్రిల్‌లో.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. మార్నీ అనాస ముక్కలు పళ్ళెంలో పేరుస్తోంది.

“పిల్లకి ఇప్పుడు పళ్ళెన్ని?” అని అడిగాను.

“ఎనిమిది. ఎందుకు?”

“మా మామగారి మోకాలి మీద రెండేసి పళ్ళ గాట్లున్నాయి.”

ముక్కలు పేర్చడం ఆపలేదు. ఇంకో వరస పేర్చాక అంది. “పోయిన ఏడాది నుంచీ ఉంది. స్టాక్టన్‌లో కొన్నాం. ఆవిడ మీ ఆయన పేరు చెప్పింది. మొదటిరోజే చెబితే నువ్వు అడిగేదానివి. ఇచ్చేస్తే మిగతా రెండూ నాకెవరు చూపిస్తారు?”

“మరి ఫ్రెస్నోలో ఏడ్చావు.”

“నిజంగానే ఏడ్చాను నీలా. ఆ ప్రయాణాలన్నీ నాకు ఇష్టమే.”

మళ్ళీ పేరు పెట్టి పిలిచిందని నేను గమనించాను. తను గమనించలేదు.

“ఎర్ర చొక్కా ఆయన రీనోలో హోటల్ కడుతున్నాడు” అంది గొంతు తగ్గించి. “మూడూ కలిసి ఉంటే కొని, తన బార్‌లో అద్దాల వెనక పెడతాడు. ముగ్గురి పేర్లూ రాయిస్తాడు. ఆలోచించు. అంతా చచ్చిపోయినవాళ్ళే కదా, ఎవరడుగుతారు? పోనీ అదీ వద్దంటే, ఆ రెండూ నాకు వదిలెయ్యండి. రెండింటికైనా ఒప్పుకుంటాడు. మీ మామగారిని ఇప్పుడే నీ కారులో పెట్టిస్తాను. నీదే. మాటిచ్చాను కదా.”

కిటికీలోంచి సియాంగ్ కనబడుతోంది. ఎవరికో లుంపియా వడ్డిస్తూ, ఎలా చుట్టాలో చేత్తో చూపిస్తోంది. నేను అడిగితే కాదనదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. ఆ మొహం నా మిషను పక్కన పెట్టుకోవచ్చు. పొద్దున లేవగానే చూసుకోవచ్చు. అది నాకు ఎంత కావాలో మార్నీకి తెలుసు. ఏప్రిల్ నుంచీ నేనే చెబుతూ వచ్చాను.

చేతులు తుడుచుకుని బయటికి వచ్చాను.

“సియాంగ్, దుప్పట్లు తెచ్చావా?”

“కారులో ఉన్నాయి. ఇప్పుడెందుకే? కేకే కొయ్యలేదు.”

“కేకు వద్దు. పద.”

సియాంగ్ నా మొహం చూసింది. గిన్నె కింద పెట్టింది.

పద్ధతి ప్రకారం సిమియోన్ తండ్రిని నేను ఎత్తుకున్నాను. డోమెంగ్ తండ్రిని సియాంగ్ ఎత్తుకుంది. నడుము విరిగిపోతుందేమో అనిపించింది. ఇద్దరు ముసలమ్మలు దేవుళ్ళని చంకనేసుకుని తోటలోంచి నడుస్తుంటే, అదీ విందులో భాగమే అనుకుని పూల చొక్కాలవాళ్ళు ఈలలు వేశారు. ఎవరో డప్పు కూడా అందుకున్నారు. ఎర్ర చొక్కా ఆయన ట్రెంట్‌ని, “వీళ్ళెక్కడికి?” అని అడుగుతున్నాడు. మార్నీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆపలేదు.

లేలానీ మోకాలు వదిలి నా వైపు చేతులు చాపింది. ఎత్తుకోమని. నా చేతుల్లో సిమియోన్ తండ్రి ఉన్నాడు.

కారులో చాలా దూరం వచ్చాక సియాంగ్ అడిగింది.

“మరి నీ మామగారు?”

“వాళ్ళు కొనుక్కున్నారు. పోయిన ఏడాదే.”

“నీకిస్తానందా?”

“అంది.”

“దేనికి బదులు?”

నేను రోడ్డు వైపు చూస్తున్నాను. సియాంగ్ వెనక్కి తిరిగి, సీటు మీద దుప్పట్లలో ఉన్న ఇద్దరినీ చూసింది. తర్వాత వెనక్కి వంగి, అవస్థపడుతూ, వాళ్ళిద్దరికీ కలిపి బెల్టు పెట్టింది. ఇల్లు చేరాక సిమియోన్ తండ్రిని మా ఇంట్లోకి తనే మోసింది. “నీ దగ్గరుండాల్సినవాడు నీ దగ్గరే ఉంటాడు” అని, ఎప్పటి చోటనే, మిషను పక్కన నిలబెట్టి వెళ్ళింది.

క్రిస్మస్ పొద్దున మావాళ్ళలో పిల్లలు జ్ఞానతల్లి ఇంటికి రావాలి. ఆమె చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుని, కానుక పట్టుకెళ్ళాలి. నేను ఒక సైజు పెద్ద గౌను కొని, రంగు కాగితం చుట్టి, బల్ల మీద పెట్టాను. కాగితం మీద పేరు నేనే రాశాను.

సియాంగ్ వచ్చి చూసింది. “సిగ్గులేదే నీకు?”

“పిల్ల నాకు జ్ఞానబిడ్డే కదా. దాన్నెవరూ రద్దు చెయ్యలేదు.”

“వస్తుందనేనా?”

“కాగితం చుట్టాను, అంతే.”

తను తెచ్చిన అన్నపు కేకు ఇద్దరం తిన్నాం. మధ్యాహ్నం దాకా తలుపు తీసే ఉంచాను. తర్వాత చలిగాలి వస్తోందని సియాంగే లేచి వేసేసింది.

ఆ పిల్లకి పళ్ళొచ్చింది మా మామగారి మోకాలి మీద. మావాళ్ళు వింటే ఇంకేం చుట్టరికం కావాలంటారు. కానీ కొనేవాళ్ళ కంటికి అది మరక. ట్రెంట్ ఈపాటికి ఆ గాట్లలో మైనం నింపి, పైన పాలిష్ వేసే ఉంటాడు.